మీకు తెలుసా? చదవొద్దన్నా చదివేసే మెదడు

ఆకుపచ్చ సిరాతో ‘ఎరుపు’ అని రాసి, సిరా రంగు చెప్పమంటే ఎంతటివారికైనా నాలుక తడబడుతుంది. చదువొచ్చినవాళ్లకు అక్షరం కంటబడ్డాక చదవకుండా ఉండటం చేతకాదు మరి! అమెరికాలోని నాష్‌విల్‌లో మనస్తత్వవేత్త జాన్ రిడ్లీ స్ట్రూప్ 100 మంది విద్యార్థులతో ఈ తడబాటును కొలిచి, ఫలితాలను 1935లో ప్రచురించాడు. 100 రంగు గళ్ల పేర్లు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పట్టింది. గళ్లకు బదులు వేరే రంగుల పేర్లు రాసి పెడితే 110.3! అదే, సిరాను పట్టించుకోకుండా మాటలు చదవమన్నప్పుడు ఆలస్యం 2.3 సెకన్లే.

స్కెచ్ పెన్నులు, స్టాప్‌వాచ్ ఉంటే చాలు కాబట్టి సైకాలజీ విద్యార్థులు చాలామంది ప్రాజెక్టు కోసం ఈ ప్రయోగాన్నే ఎంచుకుంటారు. ఇక్కడే ఒక పొరపాటు దొర్లుతుంది. అందరికీ తేలికైన రంగు గళ్ల పట్టికే ముందు ఇస్తే, కష్టమైనదాని దగ్గరికొచ్చేసరికి అలవాటు పడిపోతారు, తేడా తగ్గి కనిపిస్తుంది. సగం మందికి వరస తిప్పి ఇవ్వాలి. వర్ణాంధత్వం ఉందేమో కూడా ముందే అడగాలి. తెలుగు చదవడం రాని స్నేహితుడెవరైనా ఉంటే తెలుగు మాటల పట్టిక ఇచ్చి చూడండి. హాయిగా రంగులు చెప్పుకుంటూ పోతాడు.