అసలు భద్రం, నకలుపై కత్తెర: డిజిటల్ సినిమా కూర్పులో ‘ప్రాక్సీ’

తరగతికి రాని మిత్రుడి పేరు పిలిచినప్పుడు అతడి బదులు ‘ఎస్ సర్’ అని పలకడాన్ని కళాశాల విద్యార్థులు ప్రాక్సీ అంటారు. సినిమా కూర్పు గదుల్లోనూ ఇప్పుడు అదే మాట వినిపిస్తోంది. అక్కడ హాజరు పలికేది ఒక చిన్న వీడియో ఫైలు. కెమెరా చిత్రీకరించిన భారీ దృశ్యం హార్డ్ డిస్కులో కదలకుండా ఉండగా, దాని పేరుతో, దాని స్థానంలో ఈ తేలికపాటి నకలు ఎడిటర్ ముందు నిలుస్తుంది. సినిమా యావత్తూ దానిమీదే రూపు దిద్దుకొంటుంది. తెరకు ఎక్కే ముందు మాత్రం అది పక్కకు తప్పుకొని అసలుకు చోటివ్వాలి. చిక్కంతా ఆ తప్పుకొనే ఘడియలోనే ఉంది.

నకలు అవసరం ఎందుకో ఒక లెక్కతో తేలిపోతుంది. జర్మనీకి చెందిన ఆరి సంస్థ తయారుచేసిన అలెక్సా ఎల్ఎఫ్ కెమెరాలో సెన్సారును పూర్తిగా వాడుకొంటే ఒక్కో ఫ్రేము అడ్డంగా 4448, నిలువుగా 3096 బిందువులతో ఏర్పడుతుంది. బిందువుకు 12 బిట్ల చొప్పున, ఏ కుదింపూ లేకుండా భద్రపరిస్తే ఫ్రేముకు 2 కోట్ల బైట్లు దాటుతాయి. సెకనుకు 24 ఫ్రేముల వంతున అది సెకనుకు దాదాపు 500 మెగాబైట్లు, గంటకు 1.7 టెరాబైట్లకు పైమాటే. అదే గంట దృశ్యాన్ని ఆపిల్ సంస్థ రూపొందించిన ప్రోరెస్ ప్రాక్సీ పద్ధతిలో 1920 × 1080 పరిమాణానికి తగ్గిస్తే సుమారు 16 గిగాబైట్లలో ఇమిడిపోతుంది. అంటే నూరింట ఒక వంతు కూడా కాదు. పదుల గంటల చిత్రీకరణను ఒక సాధారణ ల్యాప్‌టాప్‌లో వేసుకొని, ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకొనే వీలు దీనితోనే కలుగుతుంది.

ఈ ఉపాయం డిజిటల్ యుగంలో పుట్టినది కాదు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో, ల్యాబులో కడిగిన నెగెటివ్‌ నుంచి ఒక రష్ ప్రింటు తీసి ఎడిటర్‌కు అందించేవారు. ఆయన మూవియోలాపై ఆ ప్రింటునే కత్తిరించి అతికించేవారు. దానిపై గీతలు పడినా, మైనపు పెన్సిలు గుర్తులు పడినా నష్టం లేదు. ఫిల్ము అంచున అడుగుకు ఒకటి చొప్పున, అంటే 35 మి.మీ. ఫిల్ములో 16 ఫ్రేములకు ఒకసారి, ఒక సంఖ్య ఉండేది. నెగెటివ్‌ పైని ఆ సంఖ్య రష్ ప్రింటుపైనా పడేది. కూర్పు ఖరారయ్యాక నెగెటివ్ కట్టర్ తెల్లని చేతితొడుగులు వేసుకొని, ఆ సంఖ్యలను సరిచూసుకొంటూ అసలు నెగెటివ్‌ను కత్తిరించేవారు. ఆ కత్తెర ఒకసారి పడితే తిరుగు లేదు. నేటి ప్రాక్సీ అదే రష్ ప్రింటు. అంచు సంఖ్య స్థానంలో ఇప్పుడు ఫైలు పేరు, టైమ్‌కోడ్ వచ్చాయి.

కంప్యూటరులో ఎడిటర్ ‘కత్తిరించినా’ దృశ్యం చెక్కుచెదరదు. ఏ క్లిప్పులో ఏ ఫ్రేము నుంచి ఏ ఫ్రేము వరకు తీసుకోవాలి, దాని తరువాత ఏది రావాలి అన్న ఆదేశాల పట్టిక మాత్రమే తయారవుతుంది. ఈడీఎల్, ఎక్స్ఎంఎల్, ఏఏఎఫ్ అనే పేర్లతో ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి చేరేది ఈ పట్టికే. దాని ప్రకారం అసలు దృశ్యాలను వరుసలో నిలపడాన్ని కన్ఫర్మ్ అంటారు. దర్శకుడు డేవిడ్ ఫించర్ 2014 నాటి ‘గాన్ గర్ల్’ చిత్రాన్ని 6కే రెడ్ డ్రాగన్ కెమెరాతో తీశారు; కూర్పు అడోబ్ ప్రీమియర్ ప్రోలో జరిగింది. తెరకు కావలసిన దానికన్నా విశాలంగా చిత్రీకరించి, కూర్పు వేళ ఫ్రేమును అటూ ఇటూ జరుపుకొనే, కుదుపులను సరిదిద్దుకొనే వెసులుబాటు ఉంచుకొన్నారు. అలా జరిపిన కొలతలూ అంకెలే కాబట్టి, చిన్న నకలుపై తీసుకొన్న నిర్ణయం కూడా అదే నిష్పత్తిలో అసలుకు వర్తిస్తుంది.

చిన్న ఫైలు తేలికైన ఫైలు కాదు

పెద్ద కెమెరాల సంగతి అటుంచితే, మొబైల్ ఫోన్లతో, చిన్న కెమెరాలతో లఘుచిత్రాలు, డాక్యుమెంటరీలు తీసేవారికి ఎదురయ్యే ఇబ్బంది వేరు. వారి ఫైళ్లు చిన్నవే, అయినా కంప్యూటరు తడబడుతుంది. హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో ప్రతి ఫ్రేమూ సంపూర్ణంగా నిక్షిప్తం కాదు. చాలా ఫ్రేముల్లో ముందూ వెనుకా ఉన్నవాటితో పోలిస్తే వచ్చిన మార్పు మాత్రమే ఉంటుంది. ఎడిటర్ మధ్యలో ఒక ఫ్రేము దగ్గర ఆగితే, దానిని చూపడానికి కంప్యూటరు ఇరుగుపొరుగు ఫ్రేములన్నింటినీ విప్పవలసి వస్తుంది. ప్రోరెస్ వంటి పద్ధతుల్లో ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము స్వతంత్రం. అందుకే కొన్నిసార్లు ప్రాక్సీ పరిమాణంలో అసలుకన్నా పెద్దదైనా పని మాత్రం సాఫీగా సాగుతుంది.

బంధం ఎక్కడ తెగుతుంది

ప్రాక్సీని, అసలును కలిపి ఉంచేవి ప్రధానంగా మూడు: పేరు, టైమ్‌కోడ్, ఫ్రేము వేగం. పేరు విషయంలో పొరపాటు చాలా సులభం. కొన్ని కెమెరాలు కొత్త కార్డు వేసిన ప్రతిసారీ క్లిప్పుల లెక్కను మళ్లీ ఒకటి నుంచే మొదలుపెడతాయి. అప్పుడు మొదటి రోజు పెళ్లిపందిరి దృశ్యానికీ, మూడో రోజు ఆసుపత్రి దృశ్యానికీ ఒకే పేరు ఉంటుంది. కార్డుకొక ఫోల్డరు, రీలు సంఖ్య కేటాయించకపోతే కన్ఫర్మ్ వేళ పందిరి ఉండవలసిన చోట ఆసుపత్రి మంచం ప్రత్యక్షమవుతుంది. అంతకన్నా ప్రమాదకరం, ఎడిటింగ్ మొదలయ్యాక ‘సర్దుదాం’ అని అసలు ఫైళ్ల పేర్లు మార్చడం.

ఫ్రేము వేగంలో తేడా వెంటనే కంటికి కనబడదు. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన దానికి 23.976 వేగంతో నకలు చేస్తే, గంట గడిచేసరికి రెండింటి మధ్య 86 ఫ్రేముల ఎడం, అంటే మూడున్నర సెకన్లకు పైగా తేడా వస్తుంది. పెదవుల కదలిక ఒకచోట, మాట మరొకచోట. మొబైల్ ఫోన్లలో చాలావరకు వెలుతురును బట్టి ఫ్రేము వేగం తనంతట తానే మారుతూ ఉంటుంది కనుక, అలాంటి దృశ్యాలను కూర్పుకు ముందే స్థిరమైన వేగానికి మార్చుకోవడం మేలు.

రంగుల దగ్గర నకలు చెల్లదు

కూర్పు అంతా నకలుపై సాగినా, కలర్ గ్రేడింగ్ అసలుపైనే జరగాలి. గోదావరి గట్టున సంధ్యవేళ తీసిన ఒక దృశ్యాన్ని తీసుకొంటే కారణం బోధపడుతుంది. 12 బిట్ల అసలులో ఒక్కో వర్ణానికి 4096 స్థాయులు ఉంటాయి, హెచ్.264లో చేసిన 8 బిట్ల ప్రాక్సీలో 256 మాత్రమే. పైగా సాధారణంగా వెలుగు సమాచారాన్ని బిందుబిందువుకూ ఉంచి, రంగు సమాచారాన్ని నాలుగు బిందువులకు ఒకటి చొప్పున సరిపెడతారు. మామూలుగా చూస్తే కన్ను ఈ లోటును పట్టుకోదు. కలరిస్టు ఆకాశపు నారింజను కాస్త లోతు చేయబోయినప్పుడు మాత్రం, ఒక రంగు మరొక రంగులోకి కరిగిపోవలసిన చోట మెట్లు మెట్లుగా చారలు తేలుతాయి. నీడలో ఉన్న పడవవాడి ముఖాన్ని వెలికితీయబోతే చర్మపు ఛాయ బదులు మచ్చలు వస్తాయి. పారేసిన సమాచారాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. గ్రీన్‌మ్యాట్ తొలగించే గ్రాఫిక్స్ పనికీ ఇదే వర్తిస్తుంది.

ఇంకొక చిక్కు మనసుకు సంబంధించినది. కెమెరా ‘లాగ్’ పద్ధతిలో తీసిన దృశ్యం వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. దానిని చూడదగినట్లు చేయడానికి ప్రాక్సీపై ‘లట్’ అనే రంగుల మార్పిడి పట్టికను అద్దుతారు. నెలల తరబడి అదే రంగును చూసిన దర్శకుడికి అదే సినిమా అసలు రంగనిపిస్తుంది. గ్రేడింగ్ గదిలో కలరిస్టు కొత్తది చూపిస్తే మనసొప్పదు. ఆ పట్టికను కలరిస్టుతో ముందే సంప్రదించి తయారు చేసుకొనే బృందాలకు ఈ తగువు తక్కువ. ఫోకస్ సంగతీ అంతే. చిన్న నకలులో స్పష్టంగా తోచిన కన్ను పెద్ద తెరపై మసకగా కనబడవచ్చు. అందుకే ముఖ్యమైన క్లోజప్‌లను ఖరారు చేసే ముందు అనుభవజ్ఞులైన ఎడిటర్లు ఒకసారి అసలును తెరిచి చూస్తారు.

ఖర్చు విషయంలో ఇప్పుడు చాలా సౌలభ్యం ఉంది. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ప్రాక్సీ తయారీ, కూర్పు, గ్రేడింగ్ చేసుకోవచ్చు. తుది చిత్రాన్ని అల్ట్రా హెచ్‌డీ పరిమాణం వరకు పొందవచ్చు. తగ్గించుకోకూడని ఖర్చు హార్డ్ డిస్కులది. కెమెరా కార్డును చెరిపే ముందు అసలు దృశ్యాలు కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లోకి చేరాలి, రెండూ సరిగా తెరుచుకొంటున్నాయో లేదో చూసుకోవాలి. స్థలం చాలనప్పుడు తొలగించవలసింది ప్రాక్సీలనే, అవి మళ్లీ తయారవుతాయి. పరిమాణం చూసి కంగారుపడి అసలు ఫోల్డరును తొలగిస్తే, పెద్ద తెరకు పనికిరాని నకలు ఒక్కటే మిగులుతుంది.

తుది చిత్రాన్ని వెలువరించే ముందు చేయవలసిన తనిఖీ ఒకటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ప్రాక్సీలతోనే చిత్రాన్ని వెలువరించే మీట కూడా ఉంటుంది. హడావుడిలో అది నొక్కి ఉండిపోతే చిత్రోత్సవానికి వెళ్లే ప్రతి అలుక్కుపోయిన నకలుగానే బయటికి వస్తుంది. ఒకటి రెండు సన్నివేశాలను పూర్తి పరిమాణంలో తెరిచి, వెంట్రుకలు, చీర అంచు, పేర్ల అక్షరాలు ఎంత పదునుగా ఉన్నాయో చూస్తే ఆ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది.