అంగారకుడి మీద వాక్యూమ్ క్లీనరు

దోమలగూడలో రామకృష్ణ మఠానికి కూతవేటు దూరాన వున్న మా పాత ఇంటిని ఈ మధ్యనే అపార్టుమెంట్లు కట్టేవారికి అప్పగించాము. సామాను సర్దటమంటే మాటలు కాదు. అటక మీద నుంచి తుప్పు పట్టిన కుంపటి, మూత లేని ట్రంకు పెట్టె, దాని అడుగున మా అబ్బాయి ఎనిమిదో తరగతి నాటి నోటు పుస్తకం దిగాయి. ఆ పుస్తకం చూడగానే నాకు కలుక్కుమంది. ఎందుకో చెబుతాను.

1996 నాటి మాట. ఇంటి దగ్గర లెక్కలు రాసుకోవచ్చునని పాత 386 కంప్యూటరొకటి కొన్నాను. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దాని ముందు మావాడు సిద్ధం. తెర మీద పచ్చని శిరస్త్రాణం పెట్టుకున్న కుర్రాడొకడు ఎగురుతూ, దూకుతూ వుండేవాడు. అర్ధసంవత్సర పరీక్షలకు ముందు ఈ నోటు పుస్తకం నా కంటపడింది. పేజీల నిండా గీతలు, చుక్కలు, కొక్కేలు! పరీక్షలో చీటీలు అందించుకునే రహస్య లిపి కాబోలు ననుకున్నాను. అడగలేదు. రెండు తగిలించాను. ఆట చెరిపేసి, కంప్యూటరుకు తాళం వేసి (ఆ రోజుల్లో కంప్యూటరు పెట్టెకు తాళం వుండేది, నవ్వకండి) తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మావాడు నోరు విప్పలేదు. పదిరోజులు నాతో మాట్లాడనూ లేదు.

మొన్న సెలవులకు డాలస్ నుంచి వచ్చిన మనవడు ఆ పుస్తకం తిరగేసి, “తాతా, ఇది మైన్‌క్రాఫ్ట్ భాష కదా!” అన్నాడు. ఈ కాలపు పిల్లల ఆట అది. అందులో మంత్రాల బల్ల ఒకటి వుంటుందట, దాని దగ్గర ఇవే అక్షరాలట. అప్పటి పుస్తకంలోకి ఇప్పటి ఆట అక్షరాలెట్లా వచ్చాయి? రాత్రి ఫోనులో మావాణ్ణి అడిగాను.

“అది కమాండర్ కీన్ లిపి నాన్నా. వీళ్ళే దాన్ని ఎత్తుకొచ్చారు,” అన్నాడు.

ఆ ఆట కోసం టామ్ హాల్ అనే ఆయన కల్పించిన లిపి అది. ఇంగ్లీషు అక్షరానికొక గుర్తు. అంగారకుడి మీద బోర్డులు ఆ లిపిలో వుంటాయి. మావాడి దగ్గరున్న భాగంలో అర్థం చెప్పే పట్టిక లేదు. ఏ గుర్తు ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టి, ఊహించి, కొట్టివేసి, మళ్ళీ రాసి, పట్టిక తనే తయారు చేసుకున్నాడు. నేను చీటీలనుకున్నది అదన్నమాట!

“అప్పుడే చెప్పొచ్చు గదరా?” అన్నాను.

“మీరు అడిగితేగా?” అన్నాడు.

ఆ మర్నాడే మనవణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఆట మొదలుపెట్టాను. మొదటి భాగం ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. కథ వినండి. బిల్లీ బ్లేజ్‌కి ఎనిమిదేళ్ళు. అమ్మా నాన్నా బయటికి వెళ్ళారు, కాపలా వున్న అమ్మాయి నిద్రపోయింది. వీడు పెరట్లో, పాత సూపు డబ్బాలతో చేసుకున్న రాకెట్టు ఎక్కి, అన్నగారి ఫుట్‌బాల్ శిరస్త్రాణం నెత్తిన పెట్టుకుని, అంగారకుడికి ప్రయాణం కడతాడు. అక్కడ కుక్క మొహాల వోర్టికాన్లు రాకెట్టు భాగాలు నాలుగు ఎత్తుకుపోతారు. ఆ నాలుగూ ఏవనుకున్నారు? జాయ్‌స్టిక్కు, కారు బ్యాటరీ, వాక్యూమ్ క్లీనరు, ఇంధనానికి ఘాటైన సారా సీసా! (మా ఆవిడ ఈ వాక్యం చదవకుండా వుంటే బాగుండును.) అవి సంపాదించుకుని అమ్మా నాన్నా వచ్చేలోగా ఇల్లు చేరాలి. తుపాకి వుంది గాని, ఒంటికన్ను యార్పుల్ని కాల్చనక్కరలేదు. పాపం, అవి వూరికే వచ్చి మనల్ని తోస్తాయి, అంతే. దారిలో పుస్తకం దొరికితే వెయ్యి మార్కులు. నేను సంతోషించాను. తరువాత గుడ్డ ఎలుగుబంటి దొరికింది, దానికి అయిదువేలు! లోకాన్ని ఎనిమిదేళ్ళ పిల్లవాడి కళ్ళతో చూడటం ఎట్లాగో ఆ మార్కుల్లోనే తెలిసిపోయింది.

దీని పుట్టుక కూడా వింతే. పీసీ రకం కంప్యూటర్లలో అప్పట్లో తెర మీది బొమ్మ సాఫీగా పక్కకు జరిగేది కాదు. ప్రతిసారీ తెరంతా కొత్తగా గీయవలసి రావటంతో కుంటుతూ నడిచేది. జాన్ కార్మాక్ అనే యువకుడు, మారిన గళ్ళను మాత్రమే మళ్ళీ గీసే ఉపాయం కనిపెట్టాడు. 1990 సెప్టెంబరులో ఒక రాత్రి అతనూ టామ్ హాలూ కూచుని, జపాను వారి మారియో ఆట మొదటి అంకాన్ని మామూలు కంప్యూటరు మీద ఆడించి, ఆ ఫ్లాపీని తెల్లారేసరికి మిత్రుడు జాన్ రొమేరో బల్లమీద పెట్టారు. నింటెండో కంపెనీ ఆ నమూనా వద్దంది. దాంతో సొంత కథ అల్లుకుని, 1990 డిసెంబరు 14న కీన్‌ను విడుదల చేశారు.

ఆ రొమేరోయే అంతకు ముందు డేంజరస్ డేవ్ రాసినవాడు. మా చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతాల్లో ఇప్పుడు నలభై దాటినవారిని అడిగి చూశాను. డేవ్ పేరు చెబితే ముఖాలు వికసించాయి, కీన్ పేరు చెబితే తెల్లమొహాలు వేశారు. 1993లో అదే బృందం తెచ్చిన డూమ్, దాని నెత్తురు ముందు ఈ డబ్బాల రాకెట్టు ఎవరికి కనబడుతుంది? నా దృష్టిలో అది అన్యాయం. భయపెట్టటం కన్నా నవ్వించటం కష్టం.

నోటు పుస్తకం చివరి పేజీలో ఒక్క వాక్యం మిగిలిపోయింది. పక్కన అర్థం రాయలేదు. మనవడు వేలు పెట్టి కూడబలుక్కుని, నా వంక ఒకసారి చూసి, గట్టిగా చదివాడు:

“నాన్న వోర్టికాన్.”

మా ఆవిడ వంటింట్లో నుంచి నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఆ పుస్తకం బిల్డరు చెత్తలోకి పోలేదు, నా సంచిలో వుంది.

నిన్న రాత్రి మావాడు మళ్ళీ ఫోను చేశాడు. బిల్డరు సంగతి అడగలేదు, అద్దె ఇంటి సంగతి అడగలేదు.

“ఇంతకీ వాక్యూమ్ క్లీనరు దొరికిందా నాన్నా?” అన్నాడు.

“లేదురా. ఎక్కడుందో కాస్త చెప్పు,” అన్నాను.