తెర చెప్పే మాట: కృత్రిమమేధ ఏజెంట్లకు ప్రదర్శక సమాచారం అందే విధానం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కంప్యూటర్‌కు అనుసంధానమైన తెరల వివరాలను కృత్రిమమేధ ఏజెంట్లు అడిగి తెలుసుకొనేందుకు తోడ్పడే సాధనాల పనితీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ వివరాలు ప్రధానంగా తెర తన గురించి తాను చెప్పుకొన్న మాటలనీ, వాటిని ప్రత్యక్షజ్ఞానంగా పొరబడరాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృత్రిమమేధ, ఏజెంట్, ప్రదర్శక తెర, శబ్దప్రమాణం, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

భాషానమూనా శిక్షణలో ఎంత పాఠాన్ని చదివినా, తాను పనిచేయవలసిన కంప్యూటర్‌కు ఎన్ని తెరలున్నాయో దానికి తెలియదు. ఆ సమాచారం ఒక్కొక్క బల్లమీద ఒక్కొక్క విధంగా ఉంటుంది. వైరు తీసి మరొకచోట తగిలిస్తే మారిపోతుంది. బాహ్యసాధనాలను పిలిచి పనులు చేయగల నమూనాను ఏజెంట్ అంటున్నారు. విండోను సరైన తెరమీద ఉంచడానికి, అక్షరాల పరిమాణాన్ని నిర్ణయించడానికి, మౌస్‌ను నడపడానికి ఏజెంట్‌కు తెర వివరాలు అవసరం. కనుక అది అడిగి తెలుసుకోవాలి.

2. ప్రశ్న సాగే మార్గం

ఇటువంటి ప్రశ్నోత్తరాలకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఒక ఉమ్మడి పద్ధతిని ఏర్పరచింది. ఇందులో సాధనం తన పేరును, తాను చేయగల పనిని, స్వీకరించే అంశాలను ముందుగా ప్రకటిస్తుంది. నమూనా ఆ వివరణను చదివి, అవసరమనుకున్నప్పుడు సాధనాన్ని పిలవమని కోరుతుంది. సాధనం ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి, వచ్చిన సమాధానాన్ని తిరిగి అందిస్తుంది. ఈ సందేశాలు జేసన్-ఆర్‌పీసీ 2.0 రూపంలో ఉంటాయి. నమూనాకు చేరేది తెర కాదు, తెరను గురించిన పాఠం.

3. తెర స్వీయపరిచయం

ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ వివరాలలో చాలాభాగం తెర నుండే వస్తుంది. వీడియో ఎలక్ట్రానిక్స్ స్టాండర్డ్స్ అసోసియేషన్ 1994లో రూపొందించిన ఈడీఐడీ ప్రమాణం ప్రకారం, ప్రతి తెర తన పరిచయాన్ని 128 బైట్ల మూలఖండంలో దాచుకొంటుంది. తయారీదారును సూచించే మూడక్షరాల సంకేతం, ఉత్పత్తి సంఖ్య, క్రమసంఖ్య, తయారైన వారం, సంవత్సరం, సెంటీమీటర్లలో పొడవు వెడల్పులు, రంగుల లక్షణాలు, అనుకూలమైన చిత్రపరిమాణాలు ఇందులో ఉంటాయి. సంవత్సరాన్ని 1990 నుండి గడిచిన ఏళ్ల సంఖ్యగా నమోదు చేస్తారు. చివరి బైటు సరిచూపు కోసం ఉద్దేశించినది: 128 బైట్ల మొత్తాన్ని 256తో భాగిస్తే శేషం సున్నా రావాలి.

4. ప్రమాణ విచారం

న్యాయదర్శనం ప్రత్యక్ష, అనుమాన, ఉపమాన, శబ్దాలను నాలుగు ప్రమాణాలుగా అంగీకరించింది. ఈ విభజనలో ఈడీఐడీ శబ్దప్రమాణానికి చెందుతుంది. చెప్పినవాడు ఆప్తుడైతేనే శబ్దం ప్రమాణమవుతుంది. సరిచూపు బైటు ఆప్తతను నిరూపించదు. లేఖకుడు తాళపత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా నకలు చేసినంత మాత్రాన అందులోని విషయం యథార్థమని పరిష్కర్త భావించడు, ఇక్కడా అంతే.

మూడు సందర్భాలు దీనిని స్పష్టం చేస్తాయి. మొదటిది, ప్రొజెక్టర్. దాని బొమ్మ పరిమాణం గోడకున్న దూరాన్ని బట్టి మారుతుంది కనుక, ఈడీఐడీలో కొలతల స్థానంలో సున్నా ఉంచవచ్చు. ఆ సున్నాకు ‘నిర్ణయం కాలేదు’ అని అర్థం. ఏజెంట్ దానిని కొలతగా గ్రహిస్తే లెక్క తలకిందులవుతుంది.

రెండవది, మధ్యవర్తి పరికరం. కంప్యూటర్‌కూ తెరకూ మధ్యనున్న స్విచ్ లేదా స్ప్లిటర్ తన సొంత పరిచయాన్ని అందించవచ్చు. అప్పుడు ఏజెంట్ వినేది తెర మాట కాదు.

మూడవది, స్కేలింగ్. 3840×2160 పిక్సెళ్ల తెరను 150 శాతం స్కేలింగ్‌తో వాడితే, అనువర్తనాలకు అది 2560×1440గా కనిపించవచ్చు. ఒక కొలమానంలో తీసుకొన్న స్థానాన్ని మరొక కొలమానంలో వాడిన ఏజెంట్ ఒక మీటకు బదులు మరొక మీటను నొక్కుతుంది. అది ‘భద్రపరచు’ బదులు ‘తొలగించు’ అయితే నష్టం తీరనిది.

5. తెలుగు లిపికి సంబంధించిన అంశం

1920×1080 పిక్సెళ్ల 24 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. 3840×2160 పిక్సెళ్ల 27 అంగుళాల తెరలో సుమారు 163. తెలుగులో గుడులు అక్షరం పైన, చాలా ఒత్తులు కింద చేరుతాయి. ‘ద’ను ‘ధ’ నుండి వేరుచేసేది అడుగున ఉండే చిన్న గీత. పిక్సెళ్లు చాలకపోతే మొదట చెదిరేది అటువంటి గీతే. తరగతిగది ప్రదర్శనకు, ప్రాచీన ప్రతుల చిత్రాల పఠనానికి ఏజెంట్ అక్షరపరిమాణాన్ని సూచించేటప్పుడు పిక్సెళ్ల సాంద్రత ఉపయోగపడుతుంది. అయితే చివరి బెంచీ నుండి ఆ గీత కనబడుతున్నదా లేదా అన్నది ఏ ఈడీఐడీలోనూ నమోదై ఉండదు.

6. ముగింపు

మంచి సాధనం ప్రతి విలువకూ కొలమానాన్ని, మూలాన్ని తెలపాలి. తెలియనిచోట సున్నాకు బదులు తెలియదనే చెప్పాలి. క్రమసంఖ్య ఒక నిర్దిష్ట యంత్రాన్ని గుర్తుపట్టడానికి వీలిస్తుంది కనుక, అవసరం లేనప్పుడు దానిని బయటపెట్టకూడదు. వివరాలను అడిగే అనుమతిని, వెలుగును మార్చడం వంటి నియంత్రణ అనుమతి నుండి వేరుగా ఉంచాలి. తెర చెప్పినదానిని వినడం ఏజెంట్ పని. ఆ మాట తెరమీద నిజంగా కనిపిస్తున్నదానితో సరిపోలుతున్నదో లేదో చూసి నిర్ధారించవలసిన బాధ్యత, ఆ తెర ముందు కూర్చున్న పాఠకునిదే.