కొవ్వును గూర్చిన అపోహలు, గుండెను గూర్చిన వాస్తవాలు

నడివయస్సున పొట్ట కొంచెము ముందుకు వచ్చినచో దానిని కలిమికి గుర్తుగా నెంచి సంతోషించుట మన యిండ్లలో చిరకాలముగా నున్న వాడుక. కాలుసేతులు సన్నముగా నుండి తూకము హద్దు దాటనంతవరకు గుండెకు భయము లేదనుట దాని వెన్నంటి వచ్చు నమ్మకము. ఈ రెండపోహలును మనవారిని మోసపుచ్చుచునే యున్నవి. 2004లో లాన్సెట్ పత్రికయందు పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యూడ్కిన్ తమ దేహములనే నిదర్శనముగా చూపిరి. ఎత్తుకు తగిన బరువును తెలుపు సూచిక ఇరువురకును 22.3 మాత్రమే యైనను, దేహమునందలి కొవ్వు యూడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్లు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్లు. కావున మనకు తూకముకంటె నడుము కొలతయే నమ్మదగినది. పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు హద్దు. చివరి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడిమిభాగమున, ఊపిరి విడిచిన పిమ్మట, టేపు బిగింపక కొలువవలెను. పొట్టక్రిందికి జారిన మొలత్రాటి చుట్టుకొలత దీనికి సరిపోలదు.

కొవ్వు రక్తనాళములను పూడ్చుట తప్ప వేఱొక కీడు చేయదనుకొనువారు చదువుకొన్నవారిలోను పెక్కురు గలరు. నాళములు నిర్మలముగా నున్నను గుండె రూపమే మాఱిపోవచ్చునని గట్టిగా చెప్పవలసియున్నది. స్థూలదేహమునకు చాలినంత రక్తము నందించుటకై రక్తపరిమాణము పెరుగును, ప్రతి స్పందనమునను గుండె హెచ్చు రక్తమును నెట్టవలసివచ్చును. దానికి రక్తపోటు తోడైనచో ఎడమ జఠరిక గోడ దళసరి యగును. ఆ దళసరితనమును బలమని భ్రమింపరాదు. గోడ బిఱుసెక్కి సులభముగా సడలదు, రక్తము తేలికగా నిండదు, వెనుకనున్న కర్ణిక సాగి లయ తప్పుటకు అవకాశ మేర్పడును, ఊపిరితిత్తులలో ఒత్తిడి హెచ్చి మెట్లెక్కునపుడు ఆయాసము కలుగును. ఎకో పరీక్షా కాగితముపై గుండె పంపింగు మామూలుగానే 60 శాతమని వ్రాసియున్నను రోగి రొప్పుచుండుట కొందఱియందు ఇందువలననే. దానిని వయస్సుపై నెట్టి ఊరకుండుట ఎంతయు విచారకరము. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 5,881 మందిని పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పైన చెప్పిన ఎత్తు-బరువుల సూచిక ఒక్కొక్క అంకె పెరిగినకొలది గుండె వైఫల్యపు అపాయము పురుషులలో నూటికి 5, స్త్రీలలో 7 వంతున హెచ్చినది.

అట్లని గుండెనంటియున్న కొవ్వంతయు విషము కాదు. మితముగా నున్నంతకాలము అది కండరమునకు ఇంధన మందించును. మితిమీఱినపుడు మాత్రము, నడుమ అడ్డుపొర యేదియు లేనందున, వాపు పుట్టించు పదార్థములు దానినుండి నేరుగా కండరములోనికి దిగును.

పొట్టకొవ్వును శస్త్రచికిత్సచే పీల్చివేయించిన చాలుననుట నేటి క్రొత్త యపోహ. చర్మముక్రింది కొవ్వు సుమారు 10 కిలోలు తీసివేసినను రక్తపోటుగాని కొలెస్టరాల్‌గాని మెఱుగుపడలేదని 2004లో వెలువడిన పరిశోధనయే తేల్చినది. ప్రేవులచుట్టునున్న కొవ్వు అట్లే నిలిచియుండుట దీనికొక కారణము. మితాహారమును నడకయు నవలంబించినచో ఆ లోపలి కొవ్వే ఎక్కువ పాలు తరుగును. అట్లు బరువు తగ్గినవారిలో దళసరెక్కిన జఠరిక గోడ కొంతవఱకు మరల పలుచబడుట ఎకో పరీక్షలందు కనబడుచున్నది.