మీకు తెలుసా? మెడూసా ఇప్పటికీ కన్ను కొడుతోంది!

గ్రీకు పురాణంలో వీరుడు పెర్సియస్ నరికిన రాక్షసి మెడూసా తల ఆకాశంలో ఉంది. అక్కడ దాని కన్నుగా చెప్పే నక్షత్రం కచ్చితంగా 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుంది. పేరు ఆల్గోల్, అరబ్బీలో 'దెయ్యం తల' అని అర్థం.

నిజానికి అది ఒక చుక్క కాదు, అందులో ఒక జంట ఉంది. కాంతి తక్కువున్న నక్షత్రం ప్రకాశవంతమైనదానికి అడ్డు వచ్చినప్పుడల్లా మనకు అందే వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. తగ్గడానికి దాదాపు 5 గంటలు, మళ్లీ పుంజుకోవడానికి మరో 5 గంటలు. టెలిస్కోపు అక్కర్లేదు, డాబా మీద పడుకుని చూసినా తేడా తెలుస్తుంది. కాకపోతే నిద్ర మానుకోవాలి!

ఇంగ్లండులోని యార్క్ నగరంలో రాత్రుళ్లు మేలుకుని ఈ లెక్క తేల్చిన జాన్ గుడ్రిక్‌కు 1783లో 18 ఏళ్లు. చిన్నప్పుడే వినికిడి పోయిన కుర్రాడు. ఏదో ఒకటి అడ్డు వస్తోందేమో అని అప్పుడే ఊహించాడు. రాయల్ సొసైటీ ఆ ఏడాదే కోప్లీ పతకం ఇచ్చింది.

పెర్సియస్ కథలోని మిగతావాళ్లూ ఆకాశంలో ఆ చుట్టుపక్కలే ఉన్నారు. బండకు గొలుసులతో కట్టేసిన రాకుమారి ఆండ్రోమెడా, తండ్రి సెఫియస్, అందం గురించి గొప్పలు పోయి కూతురి ప్రాణం మీదికి తెచ్చిన తల్లి కాసియోపియా. ఆండ్రోమెడాను మింగడానికి వచ్చిన సముద్రపు రాక్షసి సీటస్ మాత్రం కాస్త దక్షిణంగా. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో ఉత్తరం వైపు చూడండి. ఇంగ్లిషు 'ఎమ్'లా పేర్చిన అయిదు చుక్కలు కాసియోపియా. మెడూసా కన్ను అక్కడికి దగ్గర్లోనే.