పేజీ తిప్పితే మారే కథ: గేమ్‌బుక్కులకు రెండో ఆయుష్షు

గేమ్‌బుక్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదివే పుస్తకం కాదు. కథంతా చిన్న చిన్న ఖండికలుగా ఉంటుంది, ఒక్కో ఖండికకూ ఒక నంబరు. ఖండిక చివర పాఠకుడి ముందు రెండు మూడు దారులు పెట్టి, ఏ దారి పట్టదలిస్తే ఏ నంబరుకు వెళ్ళాలో చెబుతారు. కథానాయకుడు ఎవరో రాజకుమారుడు కాదు, చదువుతున్న మనిషే. తప్పుదారి పడితే పదో నిమిషంలోనే చచ్చిపోవచ్చు. అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి.

ఇది ఎలా నడుస్తుందో తెలియడానికి నిజామాబాద్ జిల్లా వాళ్ళకు బాగా తెలిసిన కథనే తీసుకోవచ్చు. మహాభారతంలోని ఏకచక్రపురం ఇప్పటి బోధనేనని స్థానికుల నమ్మకం. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు తలదాచుకున్నదీ, భీముడు బకాసురుణ్ణి చంపిందీ ఇక్కడేనంటారు. దీన్ని గేమ్‌బుక్‌గా మలిస్తే పాఠకుణ్ణి భీముణ్ణే చేయనక్కర్లేదు. బకాసురుడికి ఆహారంగా వెళ్ళే వంతు ఆ రోజు వచ్చిన ఇంటి పిల్లవాణ్ణి చేస్తే ఇంకా బాగుంటుంది. బండి నిండా అన్నం, కాడికి రెండు దున్నలు, తోలేది నువ్వు. పొద్దు వాలుతోంది. నేరుగా రాక్షసుడి గుహకు తోలితే 41కి వెళ్ళు. మంజీర ఒడ్డున ఆగి దున్నలకు నీళ్ళు పెడితే 112కి వెళ్ళు. బండి వదిలేసి కందకుర్తి వైపు పరుగు తీస్తే 7కి వెళ్ళు. ఏడో ఖండికలో కథ రెండు వాక్యాల్లో ముగిసిపోవచ్చు: నువ్వు బతికావు, నీ బదులు రేపటి వంతు ఇంటివాళ్ళు ఈ రాత్రే వెళ్ళారు. భారతంలో భీముడికి ఎదురుకాని ధర్మసంకటం ఇక్కడ పన్నెండేళ్ళ పాఠకుడికి ఎదురవుతుంది. ఈ రకం పుస్తకాల అసలు బలం అక్కడే ఉంది. కత్తులూ మంత్రాలూ దాని తర్వాతే.

ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది అమెరికన్ న్యాయవాది ఎడ్వర్డ్ ప్యాకర్డ్. రాత్రిళ్ళు కూతుళ్ళకు కథ చెబుతూ, తర్వాత ఏం జరగాలో తోచనప్పుడు వాళ్ళనే అడిగేవాడు. అలా 1969లో రాసిన పుస్తకం చాలాకాలం ప్రచురణకర్తలు దొరక్క, 1976లో గానీ అచ్చు కాలేదు. దాని పేరు ‘షుగర్‌కేన్ ఐలాండ్’, అంటే చెరకు దీవి. చెరకు తోటల మధ్య పెరిగిన బోధన్ పాఠకులకు ఈ కాకతాళీయం కొంచెం సరదాగా ఉంటుంది. 1979లో బాంటమ్ సంస్థ మొదలుపెట్టిన ‘చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్’ వరసకు ఇదే పునాది. 1982లో ఇంగ్లండులో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ కలిసి రాసిన ‘ద వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’ దీనికి పాచికలను జోడించింది. 400 ఖండికల ఆ పుస్తకంతో ‘ఫైటింగ్ ఫాంటసీ’ వరస మొదలైంది. పాఠకుడు పెన్సిలు పట్టుకుని తన బలం ఎంతో, అదృష్టం ఎంతో, సంచిలో ఏమున్నాయో రాసుకుంటూ చదవాలి.

తర్వాత ఆగిపోయిన ఇలాంటి వరసల పునరుద్ధరణ సంగతికి వస్తే అన్నిటికన్నా వింతైన దారిలో నడిచింది జో డెవర్ రాసిన ‘లోన్ వుల్ఫ్’. ఇంగ్లండుకు చెందిన డెవర్ సంగీతకారుడు. తన ఆటల కోసం మాగ్నమండ్ అనే ఊహాలోకాన్ని 1970లలోనే కల్పించుకున్నాడు. 1984లో మొదటి పుస్తకం ‘ఫ్లైట్ ఫ్రమ్ ద డార్క్’ గ్యారీ చాక్ బొమ్మలతో వచ్చింది. శత్రువుల దాడిలో మఠం మొత్తం నేలమట్టం కాగా, మిగిలిన ఒక్క శిష్యుడే పాఠకుడు. పది విద్యల్లో ఐదు ఎంచుకుని బయలుదేరాలి. పాచికలు కూడా అక్కర్లేదు. పుస్తకం చివర సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు నింపిన పట్టిక ఒకటి ఉంటుంది, కళ్ళు మూసుకుని దాని మీద పెన్సిలు ఆనిస్తే చాలు. మిగతావాటికన్నా ఈ వరసకు ఉన్న ప్రత్యేకత వేరే ఉంది. ఒక పుస్తకంలో సంపాదించిన కత్తి, నేర్చిన విద్య తర్వాతి పుస్తకంలోకి వెంట వస్తాయి. అందుకే దీని పాఠకులు ఒక్క పుస్తకంతో ఆగలేదు. ఏళ్ళ తరబడి ఒకే వీరుడిగా బతికారు.

డెవర్ 32 పుస్తకాలు రాయాలనుకున్నాడు. 1998లో 28వ పుస్తకం దగ్గర ప్రచురణ ఆగిపోయింది. అప్పటికి పిల్లలు వీడియో గేముల వైపు మళ్ళారు. పాత ప్రతులు దొరకడం కష్టమైంది, దొరికినా ధర మండిపోయేది. ఆ దశలో రచయితలు సాధారణంగా హక్కుల కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. డెవర్ మాత్రం 1999లో ‘ప్రాజెక్ట్ ఎయాన్’ అనే అభిమానుల బృందానికి తన పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టుకునే అనుమతి ఇచ్చాడు. చదువుకోవచ్చు, అమ్ముకోకూడదు. స్వచ్ఛంద కార్యకర్తలు పుస్తకాలను టైపు చేశారు, ప్రతి నంబరునూ నొక్కితే తెరుచుకునే లంకెగా మార్చారు, పాత ముద్రణల్లోని తప్పులను వెదికి సరిదిద్దారు.

ఉచితంగా దొరికేదాన్ని ఎవరు కొంటారన్నది ప్రచురణకర్తల పాత భయం. ఇక్కడ ఆ భయం నిజం కాలేదు. 2007లో మంగూస్ పబ్లిషింగ్ ఈ వరసను మళ్ళీ అచ్చు వేయడం మొదలుపెట్టింది. 350 ఖండికల మొదటి పుస్తకాన్ని డెవర్ స్వయంగా 550 ఖండికలకు పెంచి తిరగరాశాడు. 2016లో తన కుటుంబ సంస్థ హోల్మ్‌గార్డ్ ప్రెస్ నుంచి 29వ పుస్తకం తెచ్చాడు, అదే ఏడాది నవంబరులో కన్నుమూశాడు. మిగిలిన కథను తండ్రి రాసి ఉంచిన నోట్సు ఆధారంగా కొడుకు బెన్ డెవర్, విన్సెంట్ లాజారితో కలిసి నడిపించాడు. పద్దెనిమిదేళ్ళు ఆగిన వరస అందుకోగలగడానికి కారణం, ఆ మధ్యకాలంలో పాఠకులు చెదిరిపోకపోవడమే. వాళ్ళను కలిపి ఉంచింది ఆ ఉచిత ప్రతులే.

డిజిటల్ రూపం అనగానే పుస్తకాన్ని ఫోన్‌లో పెట్టడమే అనిపిస్తుంది, పని అంత తేలిక కాదు. పాచికలు వేయడం, బలం తగ్గించడం, సంచి సరుకు లెక్క చూడడం ఫోన్ చేసేస్తుంది. ఆ మేరకు చదువు సాఫీగా సాగుతుంది. కానీ కాగితం మీద ప్రతి పిల్లవాడూ చేసే ఒక దొంగ పని ఉంది: పాత పేజీలో వేలు పెట్టి ఉంచి, ముందు ఏముందో తొంగిచూసి, నచ్చకపోతే వెనక్కి రావడం. యంత్రం నియమం తప్పనివ్వదు కాబట్టి మొదట్లో ఆ సరదా పోయింది. ఆస్ట్రేలియాలోని టిన్ మ్యాన్ గేమ్స్ తన యాప్‌లలో కావాలనే ఆ ‘దొంగ చదువు’కు వీలు కల్పించింది. ఇంకిల్ సంస్థ 2013లో తెచ్చిన ‘సోర్సరీ’లో పటం మీద వెనక్కి నడిచి వేరే దారి పట్టవచ్చు. అదే ఏడాది వచ్చిన లోన్ వుల్ఫ్ ఆట పోరాటాలను కదిలే బొమ్మలుగా చూపింది. కంటికి అది ఘనంగానే ఉంటుంది గానీ, అక్కడ పుస్తకం కన్నా ఆటదే పైచేయి.

కాగితం వైపు కూడా ఒక చిక్కుంది. ‘చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్’ పుస్తకాలు పాఠకుణ్ణి పేజీ నంబరుకు పంపుతాయి. అక్షరం సైజు మారినా, అనువాదంలో వాక్యం సాగినా పేజీలు జరుగుతాయి, దారులన్నీ మళ్ళీ సరిచూడాలి. ఫైటింగ్ ఫాంటసీ, లోన్ వుల్ఫ్ ఖండిక నంబర్లు వాడతాయి కనుక ఎన్ని సైజుల్లో అచ్చు వేసినా దారి తప్పదు. తెలుగులో ఎవరు మొదలుపెట్టినా ఖండిక నంబర్లే నయం.

తెలుగులో ఇలా పేరు తెచ్చుకున్న గేమ్‌బుక్ వరస ఏదీ లేదు. దానికి దగ్గరగా వచ్చేవి చందమామ జానపద సీరియళ్ళు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘భల్లూక మాంత్రికుడు’ వరకు దాసరి సుబ్రహ్మణ్యం పన్నెండు సీరియళ్ళు రాశారు. చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలు వాటికి ప్రాణం పోశాయి. నెలనెలా వీరుణ్ణి ఆపదలో వదిలేసి, తరువాయి కోసం వచ్చే నెల దాకా ఆగమనేవారు. పాఠకుడు ఆ నెలంతా తానైతే ఏం చేసేవాడో ఊహించుకునేవాడు. బేతాళ కథల చివరి ప్రశ్న కూడా అలాంటిదే, కాకపోతే జవాబు చెప్పేది విక్రమార్కుడు. చందమామ ఆగిపోయినా పాత సంచికలను అభిమానులు స్కాన్ చేసి పంచుకున్నారు. సీరియళ్ళు సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ ద్వారా పుస్తకాలుగా మళ్ళీ దొరికాయి. లోన్ వుల్ఫ్ నడిచిన దారికీ దీనికీ పోలిక స్పష్టంగానే ఉంది. అయితే మళ్ళీ వచ్చింది పాత కథ పాత రూపంలోనే. హక్కుదారుల అనుమతితో ‘రాకాసి లోయ’లాంటి సీరియల్‌ను దారులు చీల్చి రాస్తే ఎలా ఉంటుందో ఇంకా చూడాల్సి ఉంది.

అందుకు తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ‘నువ్వు వెళ్ళావు’ అన్నప్పుడు వెళ్ళింది అబ్బాయో అమ్మాయో క్రియ చెప్పదు, కాబట్టి ఒకే ప్రతి ఇద్దరికీ సరిపోతుంది. పనిముట్ల ఖర్చు కూడా లేదు. క్రిస్ క్లిమస్ 2009లో తయారుచేసిన ట్వైన్ అనే ఉచిత సాధనంలో తెలుగు యూనికోడ్‌లో రాసుకోవచ్చు. ఏ ఖండిక దేనికి దారి తీస్తుందో అది పటంలా చూపుతుంది. స్థలాల కొరత అసలే లేదు: నిజామాబాద్‌లో రాముడి గుడి, పాత జైలు ఒకే గుట్ట మీదున్న ఖిల్లా, మంజీర మీద నిజాంసాగర్, 2015 డిసెంబరులో మూతపడ్డ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ. నలభై ఖండికల చిన్న కథతో మొదలుపెట్టి, బడి పిల్లల చేత ప్రతి దారీ నడిపించి చూడాలి. రచయితకు తెలియకుండా మూసుకుపోయిన దారులు, ఎక్కడికీ చేర్చని నంబర్లు అప్పుడే బయటపడతాయి. అవి సరిచేశాకే నంబర్లను కలగలిపి అచ్చుకు ఇవ్వాలి. కలపకపోతే పాఠకుడి కన్ను పక్క ఖండిక మీద పడి, బకాసురుడు ఎక్కడున్నాడో ముందే తెలిసిపోతుంది.