విడుదల ఎవరి పని?

కోడ్ రాసే పనికి పక్కా లెక్క ఉంది. దాన్ని వినియోగదారు దగ్గరికి చేర్చే పనికే చాలాచోట్ల లెక్క లేదు. ఆ నిర్లక్ష్యానికి ఒక సంస్థ 46 కోట్ల డాలర్లు చెల్లించింది

2012 ఆగస్టు 1 ఉదయం 9.30 గంటలకు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ తెరుచుకోగానే నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ కంప్యూటర్లు ఎవరూ అడగని షేర్లను కొనడం, అమ్మడం మొదలుపెట్టాయి. చిన్న మదుపరుల నుంచి వచ్చిన 212 ఆర్డర్లను నెరవేర్చాల్సిన యంత్రాలవి. అవి 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు జరిపేశాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఏడాది తిరక్కుండానే ఆ సంస్థ గెట్కోలో విలీనమైంది.

ఇంతా చేసి, తప్పు కొత్త కోడ్‌లో లేదు. దాన్ని ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఒక ఉద్యోగి ఏడింటిలో పెట్టి ఎనిమిదో దాన్ని వదిలేశారు. 2003లోనే వాడకం మానేసిన పాత ప్రోగ్రాం ఒకటి ఆ సర్వర్‌లో ఉండిపోయింది. కొత్త కోడ్ కోసం వేసిన స్విచ్ అక్కడ ఆ పాత ప్రోగ్రాంను నిద్రలేపింది. కంగారులో మిగతా ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేయడంతో నష్టం మరింత పెరిగింది. మార్కెట్ తెరవకముందే సంస్థలోని కంప్యూటర్లు ఆ లోపాన్ని సూచిస్తూ 97 ఈమెయిళ్లు పంపాయి. వాటిపై ఎవరూ చర్య తీసుకోలేదు. ఒకరు చేసిన పనిని మరొకరు సరిచూడాలన్న రాతపూర్వక నిబంధనే అక్కడ లేదని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 2013 అక్టోబరులో తేల్చి 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

నైట్ క్యాపిటల్ ఏ పద్ధతిలో పనిచేసిందన్నది అలా ఉంచితే, ఆ ఉదంతం చెప్పే పాఠం నేటి సాఫ్ట్‌వేర్ బృందాలన్నిటికీ వర్తిస్తుంది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు సమావేశమై 'ఎజైల్' ప్రకటన వెలువరించాక సాఫ్ట్‌వేర్ తయారీ తీరు మారిపోయింది. ఏడాదికోసారి భారీ విడుదలలు చేసే పద్ధతి పోయి, రెండు మూడు వారాల 'స్ప్రింట్'లు వచ్చాయి. జిరా వంటి సాధనాల్లో ప్రతి పనికీ ఒక టికెట్ ఉంటుంది. అది బోర్డు మీద 'చేయాల్సినవి' గడిలోంచి 'చేస్తున్నవి', అక్కడి నుంచి 'పూర్తయినవి' గడిలోకి జరుగుతుంది. కొత్త సదుపాయానికి ఒక టికెట్, లోపం సవరణకు మరొకటి.

మరి విడుదలకో? చాలాచోట్ల దానికి టికెట్టే ఉండదు. జిరాలో విడుదల అంటే ప్రధానంగా ఒక 'వెర్షన్', అంటే టికెట్లకు తగిలించే చీటీ మాత్రమే. ఏ విడుదలలో ఏయే మార్పులు ఉన్నాయో అది చెబుతుంది. ఎన్ని సర్వర్లలో పెట్టారు, ఎవరు సరిచూశారు, బెడిసికొడితే వెనక్కి తీసుకునే మార్గమేమిటి అన్నవి చెప్పదు. టికెట్లన్నీ 'పూర్తయినవి' గడిలో చేరినా సరుకు ఇంకా గోదాములోనే ఉండొచ్చు.

అందుకే విడుదలను కూడా ఒక పనిగా బోర్డు మీదికి ఎక్కించే పద్ధతిని కొన్ని బృందాలు పాటిస్తున్నాయి. విడుదలకు ఒక టికెట్ తెరిచి, ఒకరికి బాధ్యత అప్పగిస్తారు. డేటాబేస్ మార్పులు, సర్వర్ల జాబితా, తనిఖీ, వెనక్కి తీసుకునే ఏర్పాటు, వినియోగదారులకు సమాచారం వంటివి దానికింద ఉప టికెట్లవుతాయి. చివరి సర్వర్‌ను సరిచూసేదాకా అసలు టికెట్‌ను మూయరు. ఎనిమిదింటిలో ఏడే పూర్తయితే బోర్డే ఆ సంగతి చెబుతుంది.

ఇందులో ఉద్యోగుల కోణమూ ఉంది. స్ప్రింట్ ప్రణాళికలో పాయింట్లు వేసేది టికెట్లకే. టికెట్ లేని పనికి పాయింట్లూ లేవు, సమయమూ కేటాయించరు. అమెరికా బ్యాంకు ఒకటి శనివారం రాత్రి విడుదల పెట్టుకుంటే మాదాపూర్‌లో అది ఆదివారం ఉదయం. సెలవు పోగొట్టుకుని కూర్చున్న ఇంజనీరు శ్రమ సోమవారం బోర్డు మీద ఎక్కడా కనిపించదు. కనిపించని పనికి మనుషులను కేటాయించమని అడగడమూ కష్టమే.

ఈ పద్ధతికి అభ్యంతరాలు లేకపోలేదు. రోజుకు పదిసార్లకు పైగా విడుదల చేస్తున్నామని ఫొటోల వెబ్‌సైట్ ఫ్లికర్ ఇంజనీర్లు 2009లోనే ప్రకటించారు. అలాంటి చోట ప్రతిసారీ చేత్తో టికెట్ తెరవడం వృథా ప్రయాస. విడుదల చేసే యంత్రాంగమే ఆ నమోదు చేసుకోవాలి. టికెట్ అనుమతి పత్రంగా మారే ప్రమాదమూ ఉంది. బృందం బయటివారి అనుమతులు విడుదలలను ఆలస్యం చేస్తాయే తప్ప వైఫల్యాలను తగ్గించవని నికోల్ ఫోర్స్‌గ్రెన్ తదితరుల పరిశోధన 2018లో వెలువడిన 'యాక్సిలరేట్' పుస్తకంలో తేల్చింది. విడుదల టికెట్ బాధ్యతను, దశలను స్పష్టం చేయాలి. సంతకాల కోసం అధికారుల చుట్టూ తిప్పకూడదు.

అసలు దేన్ని విడుదల అనాలన్నదీ ముఖ్యమే. 2024 జులై 19న భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39కి భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ ఒక చిన్న ఫైలు పంపింది. 78 నిమిషాల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నా ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ సంస్థ తన ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను దశలవారీగానే విడుదల చేసేది. ఈ ఫైలును మాత్రం కేవలం సమాచారంగా భావించి ఒకేసారి అందరికీ పంపేసింది. ఆ తర్వాతే అలాంటి ఫైళ్లకూ దశలవారీ పద్ధతి తెచ్చింది.

రెండు ఉదంతాల్లోనూ దెబ్బ తగిలింది చివరి అడుగులోనే. పని పూర్తయిందని బోర్డు చెబితే చాలదు, వినియోగదారు దగ్గర అది సరిగా నడుస్తోందని ఎవరో ఒకరు చూసి చెప్పాలి. ఆ ఒక్కరు ఎవరో ముందే రాసి పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక టికెట్ మాత్రమే.